రెండవ హెన్రీ: రాజ్యం, కుటుంబం

మధ్యయుగపు ఇంగ్లండు రాజులలో రెండవ హెన్రీ జీవితం మనం శ్రద్ధతో అధ్యయనం చేయదగినది. ఇతడు 1133లో ఆంజూ ప్రభువైన జెఫ్రీకి, మొదటి హెన్రీ కుమార్తె మటిల్డాకు జన్మించాడు. 1152లో అక్విటేన్ ఏలిక ఎలియనోర్‌ను వివాహమాడి, 1154లో సింహాసనం అధిష్ఠించాడు. ఇతని ఏలుబడి స్కాట్లండు సరిహద్దు నుండి పిరనీస్ పర్వతాల దాకా విస్తరించింది. 1166 నాటి క్లారెండన్ శాసనం ద్వారా, ఆయా ప్రాంతాల పెద్దలు నేరానుమానితులను ప్రమాణపూర్వకంగా తెలియజేసే పద్ధతిని స్థిరపరచాడు.

దేశానికి న్యాయవ్యవస్థను సమకూర్చిన ఈ రాజు స్వగృహంలో శాంతిని నెలకొల్పలేకపోయాడు. జీవించి ఉన్న కుమారులలో పెద్దవాడైన హెన్రీకి 1170లో కిరీటధారణ చేయించాడే గాని, అధికారం అప్పగించలేదు. అతనికి చెందవలసిన షినోన్ మొదలైన మూడు కోటలను 1173లో కనిష్ఠుడైన జాన్‌కు ఇవ్వబూనగా తిరుగుబాటు చెలరేగింది. తమ్ములు రిచర్డ్, జెఫ్రీ అన్న పక్షం వహించారు. తల్లి వారినే సమర్థించింది. విజయం పొందిన హెన్రీ పుత్రులను క్షమించాడు. భార్యను మాత్రం తన మరణం వరకు నిర్బంధంలోనే ఉంచాడు.

1189లో రిచర్డ్ ఫ్రాన్సు రాజుతో కలిసి తండ్రిపై మరల యుద్ధానికి దిగాడు. ప్రియపుత్రుడు జాన్ సైతం శత్రుపక్షంలో చేరాడు. ఏ కోట కారణంగా కలహం ఆరంభమైనదో, ఆ షినోన్‌లోనే వృద్ధరాజు కన్నుమూశాడు.

పదవినిచ్చి బాధ్యతనివ్వకపోయినా, సంతానంలో పక్షపాతం చూపినా ఎంతటివారి గృహశాంతి అయినా నిలువదని ఈ చరిత్ర మనకు బోధిస్తున్నది.