చట్టం మారింది, శిక్షణ మారిందా?

ప్రశ్న: అప్రెంటిస్ చట్టం మార్చారంటున్నారు. ఆ మార్పు మా ఆళ్లగడ్డ వైపు ఐటీఐ పిల్లలకు అందిందో లేదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, అహోబిలం

జవాబు: 1961 నాటి చట్టాన్ని 2014లో సవరించారు. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ ఆ సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉంటే అది ఐచ్ఛికం. అందుకే అహోబిలంలోని చిన్న హోటల్‌నూ నంద్యాలలోని పెద్ద ఫ్యాక్టరీనీ ఒకే గాటన కట్టకూడదు.

మార్పు పిల్లలకు అందిందో లేదో తేల్చడానికి సర్టిఫికెట్ల లెక్క చాలదు.

ముందు కాంట్రాక్టు కాగితం చూడాలి: ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైందా, ట్రేడు ఏది, స్టైపెండ్ ఎంత? ఆపైన బ్యాంకు పాస్‌బుక్: ఆ సొమ్ము నెలనెలా పడుతోందా? చేరినవారు, మధ్యలో మానేసినవారు, ఏడాది తర్వాతా కొలువులో ఉన్నవారు ఎందరో అమ్మాయిలకూ అబ్బాయిలకూ విడివిడిగా అడగాలి. ప్రభుత్వ ఐటీఐ అయితే సమాచార హక్కు దరఖాస్తుతో ఈ వివరాలు కోరవచ్చు.