పేదవాని పంటి బాధ – సహకార సంఘముల కర్తవ్యము

వరిలో మొవ్వుపురుగు పడినప్పుడే మడి చూచుకొనువాడు పంట దక్కించుకొనును. తెల్లకంకులు వచ్చిన పిమ్మట మందు చల్లువాడు పంటను, పైకమును రెంటిని పోగొట్టుకొనును. పంటి సంగతియు నిట్టిదే.

పన్ను పుచ్చుటకు కారణము పురుగు కాదు. నోటిలోని సూక్ష్మజీవులు తీపి పదార్థములను తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటిపైనున్న గట్టి పింగాణి పొరను కరగించి గుంట చేయును. గుంట చిన్నదిగా నున్నంతకాలము నొప్పి యుండదు. నొప్పి లేనప్పుడు కూలి మాని పట్టణమునకు పోవుటేల యని పేద కుటుంబము ఊరకుండును. గుంట నరమును చేరిన నాడు నిద్రయు పోవును, కూలియు పోవును. ఒక్క పూటలో పూడ్చదగిన గుంటకు బదులు నరపు చికిత్సకై పలుమారులు తిరుగవలసి వచ్చును. అందుకు సొమ్ము చాలనివారు అప్పు చేయుదురు, లేదా పన్ను పెరికించుకొందురు.

ఇది పేదల అజ్ఞానమువలననే కలిగినది కాదు. దంతవైద్యులు ఎక్కువగా పట్టణములలోనే యున్నారు. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. 2014లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమమును ఆరంభించిరి. అయినను దూరపు పల్లెవానికి బస్సు ఖర్చు, పోయిన కూలి కలిసి వైద్యమును ఖరీదు చేయుచున్నవి.

కావున సంఘములు చేయదగిన పనులను చెప్పుచున్నాము.

1. దంతవైద్య కళాశాలకు వ్రాసి, పనులు తక్కువగా నుండు వేసవిలో గ్రామమున శిబిరము పెట్టింపుడు. విద్యుత్తు యంత్రము లేకయే చేతి పనిముట్లతో చిన్న గుంటలను శుభ్రపరచి పూడ్చు పద్ధతి యొకటి కలదు.

2. 1912 నాటి సహకార చట్టమే, నికరలాభములో నాల్గవ వంతు నిలువ నిధికి చేర్చిన పిదప, మిగిలిన దానిలో నూటికి 10 వరకు రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యములకు వినియోగింపనిచ్చినది. నేటి మీ నిబంధనలను చూచుకొని, నిరుపేద సభ్యుల ప్రయాణపు ఖర్చులకు కొంత కేటాయింపుడు.

3. ఆరేండ్ల ప్రాయమున వెనుక వచ్చు దవడపన్ను పాలపన్ను కాదు. ఊడిన మరల రాదు. బడిపిల్లలను మొదట చూపింపుడు.

ఇంట పాటింపవలసినవి కొన్ని కలవు. ఇటుకపొడి, బొగ్గు పంటి పొరను అరగదీయును. ఫ్లోరైడు గల పేస్టుతో ఉదయము, రాత్రి తోమవలెను. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత చాలును. నొప్పి పంటివద్ద పొగాకు గాని, నొప్పి మాత్ర గాని అదుమరాదు, చిగురు కాలును. ఉత్తర కోస్తాలో నిప్పు లోనికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటి పుండు కేన్సరుగా మారవచ్చును. రెండు వారములలో మానని పుండును వైద్యునకు చూపవలెను. దవడ వాచి జ్వరము వచ్చినను, మ్రింగుట కష్టమైనను, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

విత్తనములకు, ఎరువులకు కలిసి నిలిచిన సభ్యులు ఈ పనికిని కలిసి నిలువగలరు. రాబోవు పాలకవర్గ సమావేశముననే ఈ విషయమును చర్చకు పెట్టుడని కోరుచున్నాము.