నది ప్రొఫైల్ చదవడం వస్తే...

కృష్ణానది ప్రొఫైల్‌ను, అంటే ఎగువ నుంచి దిగువకు నది ఎత్తు ఎలా తగ్గుతుందో చూపే గీతను, కంప్యూటర్‌లో గీయించి చూడండి. శ్రీశైలం ఎగువన గీత చాలా దూరం బల్లపరుపుగా సాగి, డ్యామ్ దగ్గర ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. కొత్తవాళ్లు చూడగానే 'నిక్‌పాయింట్' అని గుర్తు పెట్టేస్తారు. అంటే భూమి పైకి లేవడం వల్లనో, గట్టి రాయి అడ్డుపడటం వల్లనో నది వాలు హఠాత్తుగా మారిన చోటు. కానీ అక్కడున్నది 145 మీటర్ల ఆనకట్ట! నేల ఎత్తులు కొలిచే రాడార్‌కు నీటి అడుగున ఏముందో కనిపించదు, జలాశయం మట్టాన్నే నేలగా నమోదు చేస్తుంది. నాగార్జునసాగర్ దగ్గరా ఇదే తంతు. ఏ మెట్టు నదిదో, ఏది డేటాదో తేల్చగలవాళ్లకే ఈ రంగంలో గిరాకీ. సాఫ్ట్‌వేర్ మెనూలో బటన్లు నొక్కడం వారంలో ఎవరికైనా వస్తుంది.

ఈ ప్రొఫైల్ గీయడానికి ముడిసరుకు నేల ఎత్తుల్ని గడులుగా నమోదు చేసిన డిజిటల్ ఎలివేషన్ మోడల్, వాడుకలో 'డెమ్'. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజుల యాత్రలో రాడార్‌తో సేకరించిన ఎస్ఆర్‌టీఎం డేటా 30 మీటర్ల గడులతో ఉచితంగా దొరుకుతుంది. కార్టోశాట్-1 చిత్రాల నుంచి తయారైన కార్టోడెమ్‌ను హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ 'భువన్' పోర్టల్‌లో ఉంచింది.

నీరు పల్లమెరుగు అన్న సామెతే సాఫ్ట్‌వేర్‌కూ ఆధారం. ప్రతి గడి చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో ఎటు వాలు ఎక్కువో చూసి నీటిని అటు పంపుతుంది. ఎగువ నుంచి ఎంత విస్తీర్ణం కలుస్తోందో లెక్కగట్టి వాగుల్ని గుర్తిస్తుంది. సాధారణంగా పరీవాహక విస్తీర్ణం పెరిగేకొద్దీ వాలు తగ్గుతుంది. ఆ క్రమం తప్పిన చోటే మన పని మొదలవుతుంది. నదుల్ని ఒకదానితో ఒకటి పోల్చడానికి కాన్‌కావిటీని (విస్తీర్ణంతో పాటు వాలు ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే సంఖ్యను) చాలామంది 0.45 దగ్గర స్థిరంగా ఉంచి, ఏ నది ఎంత నిటారుగా ఉందో లెక్కిస్తారు. డెమ్‌లో చిన్న లోపమున్నా వాలు లెక్క గందరగోళమవుతుంది. పరిశోధకులు పెరాన్, రాయిడెన్ 2013లో వివరించిన 'కై' పద్ధతిలో వాలుకు బదులు ఎత్తుల్నే నేరుగా వాడుకుంటాం కాబట్టి ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

ఈ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లలో టోపోటూల్‌బాక్స్ ఉచితమే, కానీ అది పుట్టిపెరిగింది మ్యాట్‌ల్యాబ్‌లో, దాని లైసెన్సు ఖరీదు. ఎడిన్‌బరోలో రూపుదిద్దుకున్న ఎల్ఎస్‌డీటోపోటూల్స్ పూర్తిగా ఉచితం, కాకపోతే కమాండ్ లైన్ అలవాటుండాలి. నన్నడిగితే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌తో మొదలుపెట్టి పైథాన్ పట్టుకోండి. మిగతావి అవసరాన్ని బట్టి చూసుకోవచ్చు.

ఇక ఉద్యోగాలు. 'రివర్ ప్రొఫైల్ అనలిస్ట్' పేరుతో నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి. జియాలజీలో ఎంఎస్సీ చేసినవారు యూపీఎస్సీ కంబైండ్ జియో-సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలోకి వెళ్లొచ్చు. సివిల్ బీటెక్ వారికి గేట్‌లో జియోమాటిక్స్ పేపర్ ఉంది. వరద మోడలింగ్, జలవిద్యుత్, కొండచరియల అధ్యయనం చేసే సంస్థల్లోనూ, పీహెచ్‌డీకి దరఖాస్తు చేసేటప్పుడూ ఈ నైపుణ్యం అక్కరకొస్తుంది. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులూ నడుపుతోంది.

రెజ్యూమెలో సాఫ్ట్‌వేర్ల పేర్లు వరుసగా రాయడం కన్నా ఒక్క ప్రాజెక్టు చేసి చూపడం మేలు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ నదిని తీసుకోండి. ఎగువన జలపుట్ రిజర్వాయరు, దాని దిగువన డుడుమ జలపాతం ఒకే ప్రొఫైల్‌లో వస్తాయి. ఏ మెట్టు మనిషి కట్టింది, ఏది ప్రకృతి చెక్కింది అన్నది ఉపగ్రహ చిత్రాలతో, భూగర్భ మ్యాపుతో సరిచూసుకుని రెండు పేజీల్లో రాయండి. కోడ్‌తో సహా గిట్‌హబ్‌లో పెట్టి, ఆ లింకును దరఖాస్తుకు జతచేయండి.