వదులైన ప్రక్క అద్దము - బిగించు విధము

మదీనాగూడ మీదుగా పోవు జాతీయ రహదారి పూనే నుండి మచిలీపట్నము వరకు సాగుచున్నది. మన పెద్దలు దీనిని 9వ నెంబరు రహదారి యనెడివారు. ఇప్పుడిది 65వ నెంబరు. ఒకప్పుడు పల్లెయైన మదీనాగూడ, శేరిలింగంపల్లి పురపాలక సంఘముతో పాటు 2007లో మహానగరపాలక సంస్థలో కలిసినది. జహీరాబాదు, సంగారెడ్డి వైపు గ్రామములనుండి నగరమునకు వచ్చు బండ్లు అనేకము ఈ దారినే వచ్చును.

ఒక ఉదయమున మేము ఇచ్చట రహదారి ప్రక్కన నిలిచియుండగా పాత అంబాసిడరు కారొకటి వచ్చినది. దాని కుడి అద్దము త్రాటితో కట్టబడి, ఇంజను అదురుతో వణకుచుండెను. కారు కుడివైపునకు తిరుగబోగా, వెనుక వచ్చుచున్న మోటారు సైకిలు కీచుమని ఆగినది. ప్రమాదము తప్పినది. కాని తప్పించినది అద్దము కాదు, ఆ యువకుని బ్రేకు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా సాగును. వణకెడి అద్దములో బొమ్మ గుర్తించుటకు రెండు సెకన్లు ఆలస్యమైనచో, అంతలో అది 33 మీటర్లు దగ్గరకు వచ్చును.

అంబాసిడరు కార్లను హిందుస్థాన్ మోటార్సువారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 2014 వరకు తయారుచేసిరి. అవి నేటికిని పలుచోట్ల తిరుగుచున్నవి. కనుక వాటి అద్దమును బాగుచేయు విధము తెలిసికొనుట మంచిది.

వదులు ఎక్కడ?

మొదట వదులెక్కడనో కనుగొనవలెను. ఒక చేతితో అద్దము పీఠమును పట్టుకొని, రెండవ చేతితో అద్దమును మెల్లగా కదిలించుడు. పీఠమే కదలినచో దోషము మరలలోనో, రేకు రంధ్రములోనో కలదు. పీఠము కదలక కాడ మాత్రము కదలినచో గుండు కీలు అరిగినది. రెండును గట్టిగానుండి గాజు మాత్రము గలగలలాడినచో, గాజును పట్టియుంచు జిగురు ఎండినది లేదా అంచు పట్టీ వంగినది.

బిగించు విధము

పీఠము వదులైనచో, ముందుగా కిటికీ అద్దమును పూర్తిగా పైకి ఎత్తి, తలుపు లోపలి పిడులను, అట్టను ఊడదీయవలెను. రంధ్రము చుట్టును తుప్పున్నచో గరుకు కాగితముతో రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన పిదప రంగు వేయవలెను. రంధ్రము పెద్దదైనచో లోపలివైపున వెడల్పైన వాషరునుగాని చిన్న ఇనుప పలకనుగాని అమర్చవలెను. అప్పుడు భారము ఒకే చోట పడక రేకంతటను పంచుకొనబడును. పీఠమునకును రేకుకును నడుమ రబ్బరు పలక ఉంచినచో వాన నీరు తలుపులోనికి దిగదు, అదురును తగ్గును. నట్టు క్రింద స్ప్రింగు వాషరు వేయుట మరువరాదు. అతిగా బిగించుటయు తగదు. పోత లోహపు పీఠము పగులును.

గుండు కీలు వదులైనచో, దానిని కిరోసిన్‌తో తుడిచి, పొడిబట్టతో ఆరబెట్టి, మర బిగించవలెను. కీలుకు నూనె వేయరాదు. పట్టు నిచ్చునది ఆ రాపిడియే. బిగించినను నిలువనిచో గుండు అరిగినదని యెరిగి కాడను మార్చవలెను.

గాజు వదులైనచో పాత జిగురును గీకివేసి సిలికోను జిగురుతో అంటించి, ఒక దినము కదల్పకుండ ఉంచవలెను. పులుపు వాసన వచ్చు సిలికోను అద్దము వెనుక పూతను తినివేయును, అట్టిది వాడరాదు.

మార్చునప్పుడు

కొత్త అద్దము కొనునప్పుడు ఉబ్బెత్తుదో, చదునైనదో చూచుకొనవలెను. ఉబ్బెత్తు అద్దము ఎక్కువ ప్రదేశమును చూపును. కాని అందులో బండి ఉన్నదానికంటె దూరముగా కనిపించును. అలవాటు లేనివారు దీనివలన మోసపోవుదురు. పాత అద్దమును పారవేయక దాచుట మేలు. 50 ఏండ్లు దాటిన కార్లను ప్రాచీన వాహనములుగా నమోదు చేయుటకు 2021లో కేంద్రము నియమములను ప్రకటించినది. కారు తొలి రూపముననుండుట అందు ముఖ్యము.

పిదప డ్రైవరును కూర్చుండబెట్టి, మరియొకడు వెనుకనుండి ముందునకు నడువవలెను. అద్దములో ఎచ్చట అతడు కనుమరుగగునో అదియే ఆ బండి గ్రుడ్డి చోటు. దానిని డ్రైవరు గుర్తుంచుకొని, తిరుగుటకు ముందు తల త్రిప్పి చూడవలెను. నూరు కిలోమీటర్లు నడచిన పిదప నట్టును మరల పరీక్షింపవలెను.

సభ్యులకు మనవి

ఈ పద్ధతి కార్లకే కాదు, పంచాయతీ ట్రాక్టరుకును వర్తించును. ట్రాలీ తగిలించినప్పుడు డ్రైవరునకు వెనుక ఏమియు కనబడదు. చెత్త సేకరణకు వీధులలో తిరుగు ఆ బండి వెనుక పిల్లలు ఆడుకొనుచుందురు. కావున నెలకొకసారి అద్దములను చేతితో కదిలించి చూచి, ఆ తేదీని రిజిస్టరులో వ్రాయింపుడని కోరుచున్నాము. నాలుగు మరలకు, రెండు వాషర్లకు అగు ఖర్చు స్వల్పము. త్రాటితో కట్టిన అద్దము ఉన్నదనిపించును గాని, అక్కరకు రాదు.