పనిచోట ప్రమాదం జరిగితే: ముందు ప్రాణం, వెంటనే ఓపీ చీటీ

భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డుదారులకు

తాపీ, సెంట్రింగ్, రాడ్ బెండింగ్, పెయింటింగ్... మీరు ఏ పని చేసినా ఇది ఒకసారి చదవండి. చదవడం రానివాళ్లకు అడ్డా మీద వినిపించండి.

ఈ పాఠం రాయడానికి కారణం ఒక ఓపీ చీటీ. సెంట్రింగ్ చెక్క విరిగి రెండో అంతస్తు నుంచి పడిన కార్మికుడి భార్య దాన్ని పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. అందులో ‘ఇంటి మెట్ల మీద జారిపడ్డాడు’ అని ఉంది. అలా చెప్పమన్నది మేస్త్రీ. ‘ఖర్చంతా నేను చూసుకుంటా, కేసు వద్దు’ అన్నాడట. మూడు రోజులు చూసుకున్నాడు, నాలుగో రోజు ఫోన్ ఎత్తలేదు. మనిషి మంచంలో ఉన్నాడు.

షాక్ కొడితే

పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. మామూలు ఇంటి కరెంటై, మెయిన్ అందకపోతే పొడి నేల మీద నిలబడి పొడి కర్రతో వైరు నెట్టండి. స్లాబు మీదకు రాడ్లు లాగుతూ రోడ్డు పక్క పెద్ద లైనుకు తగిలితే కర్ర కూడా పనికిరాదు. దూరంగా ఉండి 1912కి చెప్పి లైను ఆపించండి.

కరెంటు ఆగాక మనిషి పలకకుండా, శ్వాస మామూలుగా లేకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులతో రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి. అలసిపోతే పక్కవాళ్లు అందుకోండి. అరికాళ్లు రుద్దుతూ కూర్చోవడం మనకు అలవాటు. ఆగిన గుండె దానితో కొట్టుకోదు, ఆ నిమిషాలు మళ్లీ రావు.

పైనుంచి పడితే

నలుగురూ కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో వేస్తారు. ప్రేమతోనే. కానీ వెన్నుపూస దెబ్బతిని ఉంటే ఆ ఎత్తడంతోనే నడుము కింద చచ్చుబడొచ్చు. తల, మెడ కదలకుండా పట్టుకుని 108 వచ్చేదాకా అక్కడే ఉంచండి. నీళ్లు తాగించొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తి పట్టండి. చువ్వ దిగితే పీకొద్దు.

పునాది గుంత కూలితే లోపలికి దూకొద్దు, జేసీబీతో తవ్వించొద్దు. 101కి ఫోన్ చేయండి.

కొత్త సైటుకు వెళ్లిన రోజే కాలనీ పేరు, దగ్గరి గుడి లేదా బంకు పేరు తెలుసుకోండి. కట్టే ఇంటికి డోర్ నంబరు ఉండదు, 108 వాళ్లకు అదే చెప్పాలి.

ఆస్పత్రిలో

ఎక్కడ, ఏ పని చేస్తూ, ఎన్ని గంటలకు పడ్డారో ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టర్ ఎమ్మెల్సీ రాసి పోలీసులకు తెలియజేస్తారు. పోలీసుల పేరు వింటే భయం, తెలుసు. ఎమ్మెల్సీ అంటే మీ మీద కేసు పెట్టినట్టు కాదు. ప్రాణం పోతే ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం కాగితాలు లేకుండా క్లెయిమ్ ముందుకు కదలడం కష్టం.

పడ్డ చోటు ఫొటో తీయండి. చూసిన ఇద్దరి ఫోన్ నంబర్లు రాసుకోండి. పైన చెప్పిన అమ్మ ఇప్పుడు ఆ సాక్షుల కోసమే తిరుగుతోంది, ఒకతను ఊరెళ్లిపోయాడు. మేస్త్రీ కూలి వేసిన ఫోన్‌పే మెసేజ్‌లు చెరపొద్దు. ఖాళీ కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయొద్దు. బోర్డు సాయం వేరు, పని ఇచ్చినవారు ఇవ్వాల్సిన పరిహారం వేరు. ఒకటి వచ్చిందని రెండోది పోదు.

కార్డు సంగతి

18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు పేరు నమోదు చేసుకోవచ్చు. ఉన్న కార్డు గడువు, నామినీ పేరు ఇవాళే చూసుకోండి. దీంతోపాటు బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా వికలాంగులైనా 2 లక్షలు, పాక్షికమైతే 1 లక్ష. మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 లేకపోతే బీమా ఆగిపోతుంది.

చీటీలో ఇప్పటికే తప్పు రాయించి ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రిలో, పోలీస్ స్టేషన్‌లో నిజం రాసిచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు, కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులతో మీ అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌ను కలవండి.