పొదలు లెక్కపెట్టే కొలువు

కడప జిల్లా ఎర్రగుంట్ల పరిసరాల్లో సిమెంటు ఫ్యాక్టరీకి కొత్త సున్నపురాయి గని కావాలంటే ముందు పర్యావరణ అనుమతి రావాలి. అందుకోసం 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ కింద తయారుచేసే నివేదికలో, సాధారణంగా గని చుట్టూ 10 కిలోమీటర్ల మేర నేల ఎలా ఉందో ఉపగ్రహ చిత్రం నుంచి మ్యాపు గీసి చూపిస్తారు. మెట్ట చేలు ఇంత, చెరువులు ఇంత, నాపరాళ్లు తీసిన గుంతలు ఇంత, గుట్ట మీద కంప ఇంత అని. ఆ మ్యాపు గీయడానికి ఒకరు, ఆ కంపలో ఏ చెట్టు, ఏ పిట్ట ఉందో తిరిగి చూసి రాయడానికి ఇంకొకరు కావాలి. సిమెంటు ఫ్యాక్టరీ అనగానే ఈ ప్రాంతంలో ఐటీఐ, డిప్లొమా పిల్లలే గుర్తొస్తారు. బోటనీ, జువాలజీ, జియాలజీ చదివినవాళ్లకూ అక్కడ ఒక దారి ఉందన్న సంగతి డిగ్రీ కాలేజీల్లో పెద్దగా ఎవరూ చెప్పరు.

ఈ పనికి పుస్తకాల్లో ఉన్న పేరు ఆవరణ వ్యవస్థల వర్గీకరణ, మ్యాపింగ్. మన దేశంలో అడవుల విభజనకు ఇప్పటికీ 1968లో ఛాంపియన్, సేథ్ ఇచ్చిన పట్టికే ఆధారం. అయితే ప్రపంచానికంతటికీ పనికొచ్చే పట్టిక ఒకటి ఉండాలని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) చేపట్టిన పని, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డేవిడ్ కీత్ నాయకత్వంలో 2022లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. అందులో నేల, మంచినీరు, సముద్రం, భూగర్భం ప్రధాన విభాగాలు. అవి ఒకదానితో ఒకటి కలిసే అంచులు మరికొన్ని. వీటన్నిటి కింద 25 బయోమ్‌లు, 110 రకాలు. ఏ చెట్టు ఉందన్నది కాదు, ఆ చోటు ఎలా బతుకుతోందన్నది అక్కడ ముఖ్యం: నీరు ఎక్కడిది, నిప్పు ఎన్నాళ్లకోసారి వస్తుంది, ఎవరు మేస్తారు.

పట్టిక చేతిలో పట్టుకుని ఎర్రగుంట్ల నుంచి బయల్దేరితే సరదాగానే ఉంటుంది. పట్నం, ఫ్యాక్టరీలు ఆ పట్టిక కోడ్‌లో టీ7.4. ఊరి బయట శనగ చేను టీ7.1. పెన్న మీద మైలవరం జలాశయం ఎఫ్3.1. కొలిమిగుండ్ల వైపు వెళ్లి 3,229 మీటర్ల బెలుం గుహల్లోకి దిగితే ఎస్1.1. చిక్కు వచ్చేది గుట్ట మీద. ముళ్ల పొదలు, మధ్యమధ్య గడ్డి, బండలు, అక్కడక్కడా పొట్టి చెట్లు. దీన్ని ఎండు అడవి అనాలా, పొదల మైదానం అనాలా, సవన్నా అనాలా? గట్టిగా వాదించుకోవచ్చు.

ఇది మాటల తగాదా మాత్రం కాదు. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) సాయంతో కేంద్ర భూవనరుల శాఖ వెలువరించే బంజరు భూముల అట్లాసులో ఇలాంటి పొదల నేలకు ‘స్క్రబ్’ పేరుతో గడులు ఉన్నాయి. అంటే కాగితం మీద అది బంజరు. బంజరైతే ఏ పనికైనా ఇచ్చేయొచ్చనిపిస్తుంది.

ఆ బంజరులోనే కలివి కోడి ఉంది. జెర్డాన్స్ కోర్సర్ అని పిలిచే ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, పిట్టలు పట్టే స్థానికుల సాయంతో సిద్ధవటం ప్రాంతంలో దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. తర్వాత లంకమల్ల అభయారణ్యం వచ్చింది. రాత్రిపూట తిరిగే పక్షి కనుక పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక వెళ్లి కాలి గుర్తులు వెతికారు. అలా తేలిన లెక్క ఇది: రెండు మీటర్ల ఎత్తుకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 ఉన్నచోట అది ఉండే అవకాశం ఎక్కువ. అడవి చిక్కబడినా దానికి పనికిరాదు, బోసిపోయినా పనికిరాదు. మొక్కలు నాటి పచ్చగా చేస్తే మేలే కదా అనుకునేవారు ఈ లెక్క ఒకసారి చూడాలి.

ఇప్పుడు ఉపగ్రహం సంగతి. ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రంలో ఒక చుక్క నేల మీద 10 మీటర్ల చదరం. హెక్టారుకు నూరు చుక్కలు. 300 నుంచి 700 పొదలంటే చుక్కకు మూడు నుంచి ఏడు. వాటితోపాటు ఒక బండ, కాస్త ఎర్రమట్టి, ఎండు గడ్డి కూడా అదే చుక్కలో కలిసిపోతాయి. అక్టోబరు చిత్రంలో అన్నీ పచ్చగానే ఉండి ఏది ఏదో తేలదు. ఏప్రిల్‌లో గడ్డి ఎండి చాలా చెట్లు ఆకు రాల్చాక కూడా సర్కారు తుమ్మ పచ్చగానే మిగులుతుంది. రెండు నెలల చిత్రాలనూ పక్కపక్కన పెట్టడం కంప్యూటర్‌కి నేర్పొచ్చు. ఏ పచ్చ సర్కారు తుమ్మదో, ఏది మామిడి తోటదో మాత్రం ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సిందే. సీమ పిల్లలకు కోచింగ్ అక్కర్లేని సబ్జెక్టు ఇదొక్కటే కావచ్చు.

చదువు విషయానికొస్తే, డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఈ రంగంలో పేరున్న చోటు. అక్కడి ఎంటెక్ పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. ఆ సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే చిన్న కోర్సులకు ఫీజు లేదు, ఇంట్లో కూర్చుని చేయొచ్చు. హైదరాబాద్ ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. బాలానగర్‌లో ఎన్ఆర్ఎస్‌సీ. అడవుల వైపు మొగ్గేవారికి ములుగులో ఫారెస్ట్ కాలేజీ, వన్యప్రాణుల మీద ఎంఎస్సీకి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు సైన్స్, ఇంజినీరింగ్, వ్యవసాయ డిగ్రీలతో రాయొచ్చు. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిసే ఉంటుంది.

ఒక మాట దాచకూడదు. ప్రైవేటు మ్యాపింగ్ కంపెనీల్లో మొదటి కొలువు చాలావరకు తెర మీద గీతలు గీయడమే. రోజంతా రోడ్ల అంచులూ ఇళ్ల కప్పులూ. జీతం కూడా సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకునేలా ఉండదు. పైథాన్ వచ్చినవాళ్లు ఆ కుర్చీలోంచి త్వరగా లేస్తారు. మొక్కల పేర్లు కూడా వచ్చినవాళ్లు మరీ అరుదు. ఈఐఏ కన్సల్టెన్సీలకు గుర్తింపు ఇచ్చే నాబెట్ పద్ధతిలో ‘ఎకాలజీ, బయోడైవర్సిటీ’కి ఒక నిపుణుడు, ‘ల్యాండ్ యూజ్’కి ఒక నిపుణుడు అని విడివిడిగా ఉండటం వీళ్లకు కలిసొచ్చే సంగతి.

డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న పిల్లలు మొదలుపెట్టడానికి ఒక పాత ల్యాప్‌టాప్, ఖర్చు లేని క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ చాలు. సొంత ఊరి మీద ఏప్రిల్ నాటి చిత్రం పరిచి, చేను, తోట, కంప, బండ అని నాలుగు రంగులు వేయాలి. తర్వాత 20 చోట్లు గుర్తుపెట్టుకుని, ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసుకుని పొద్దున్నే నడవాలి. 20లో 13 సరిపోయి ఏడు తప్పాయనుకుందాం. ఆ ఏడూ ఎక్కడ, ఎందుకు తప్పాయో ఫొటోలతో ఒక పేజీ రాసిపెట్టుకుంటే, మొదటి ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ల పైన పెట్టుకెళ్లాల్సిన కాగితం అదే.