వాగ్దానం – వివాహానికి తొలి అంగం

సంక్రాంతి సెలవులకు హైదరాబాదు, బెంగుళూరుల నుండి పిల్లలు ఇల్లు చేరే వేళ తిరువూరు ప్రాంతంలో పెండ్లి మాటలు ఊపందుకొంటాయి. బంధువులందరూ ఒకచోట ఉంటారు గనుక పెద్దలు ఆ రోజులలోనే ఒక మాట అనుకొని తాంబూలాలు మార్చుకొంటారు. పండుగ ముగిసి, పిల్లలు ఉద్యోగాలకు తిరిగి వెళ్ళిన తరువాత ఇంటిలో ప్రశ్న మొదలవుతుంది: పెండ్లి పనులు ఎక్కడ ఆరంభించాలి?

వాగ్దానం, కన్యాప్రదానం, వరణం, పాణిగ్రహణం, సప్తపది అని వివాహానికి ఐదు అంగాలను పెద్దలు చెప్పారు. తాంబూలాల నాడు ఇచ్చిపుచ్చుకొన్న మాటయే వీటిలో మొదటిది. అనగా వివాహం ఆనాడే ఆరంభమైనది. ఆ మాటను చెక్కుచెదరకుండా పీటల వరకు చేర్చడమే తక్కిన పనులన్నింటి సారం.

మొదటి పని ముహూర్త నిర్ణయం. పుష్యం, ఆషాఢం, భాద్రపదం, అధికమాసం, గురు శుక్ర మౌఢ్యాలు వివాహానికి వర్జ్యాలు. 2026లో మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం వస్తున్నది గనుక వేసవి ముహూర్తాలు తగ్గుతాయి. వధూవరుల జన్మనక్షత్రాలను పురోహితునికి తెలిపి, తారాబల చంద్రబలాలు కుదిరే రెండు మూడు ముహూర్తాలను అడగాలి. పిల్లల పరీక్షలు, మామిడి కోతలు, దూరాన ఉన్నవారి సెలవులు చూసుకొని ఇరుపక్షాల వారు వానిలో ఒకటి ఎంచుకోవాలి. లగ్నపత్రిక వ్రాసుకొన్న పిమ్మటనే మండపానికి బయానా ఇవ్వడం మేలు.

రెండవ పని వ్యయ నిర్ణయం. ఇరువైపుల పెద్దలు కలిసి కూర్చుని ఒకే కాగితంపై మూడు పద్దులు వ్రాయాలి: క్రతువుకు కావలసినవి, అతిథుల భోజనాదులు, ఆడంబరం. మొదటిది తగ్గించరానిది, నిజానికి దాని ఖర్చు స్వల్పం. రెండవది శక్తిని బట్టి. ఋణం చేయవలసి వస్తే ముందుగా కొట్టివేయవలసినది మూడవదే. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 7వ సెక్షను ప్రకారం, సప్తపది ఆచారంగా ఉన్నవారికి ఏడవ అడుగుతో వివాహం సంపూర్ణమవుతుంది. వివాహం ఆటపాటలకు, విందు వినోదాలకు మాత్రమే పరిమితమైన సందర్భం కాదని, అది పవిత్ర సంస్కారమని సుప్రీంకోర్టు కూడ 2024లో గుర్తుచేసింది.

మూడవది మాటను కాపాడుట. తాంబూలాలైన తరువాత వరుని వైపు నుండి కొత్త కోరిక వినవచ్చిందనుకొందాం. నలుగురిలో మాట ఇచ్చిన కన్యాదాత వెనుకకు పోలేడు. అతడు మామిడి తోటలో ఒక ఎకరం అమ్మకానికి పెడతాడు. ఆ భారం పెండ్లితో తీరదు. అత్తవారింట అడుగుపెట్టే అమ్మాయి మనస్సులో చాలకాలం నిలుస్తుంది. వాగ్దానం ఒక్కరిని బంధించేది కాదు. అడగకుండ ఉండుట వరపక్షం ఇచ్చిన మాటలో భాగమే. కట్నం ఇచ్చుట, పుచ్చుకొనుట, అడుగుట 1961 నాటి చట్టం ప్రకారం నేరాలు. ప్రేమతో ఇచ్చే కానుకలను సైతం ఇచ్చినవారి పేరుతో, సుమారు విలువతో జాబితాగా వ్రాసి వధూవరులు సంతకాలు చేయాలని 1985 నాటి నియమాలు చెబుతున్నాయి.

వధువుకు 18, వరునికి 21 సంవత్సరాలు నిండిన వయోధ్రువ పత్రాలను ఇప్పుడే సిద్ధపరచుకోవాలి. వివాహ నమోదు 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం తప్పనిసరి.

దేవాలయ సన్నిధిలో వివాహం తక్కువ స్థితికి గుర్తు అని కొందరు తలుస్తారు. అది సరికాదు. తిరుమలలో పాపవినాశనం మార్గంలోని కల్యాణ వేదికపై తిరుమల తిరుపతి దేవస్థానములు 2016 నుండి ఉచితంగా వివాహాలు జరిపిస్తున్నది. స్వామి ఎదుట ముడివడిన దంపతులకు అంతకు మించిన మండపం ఏమున్నది? మండపంలోనే చేయదలచినవారు తొలి శుభలేఖను నెమలి వేణుగోపాలస్వామి పాదాల చెంతనో, తమ ఇలవేల్పు సన్నిధిలోనో ఉంచి పనులకు శ్రీకారం చుట్టవచ్చు.

ఈ నెల అభ్యాసం: ఈ సంక్రాంతికి తాంబూలాలు పుచ్చుకొన్న కుటుంబాలవారు ఒక సాయంకాలం దీపం వెలిగించి, ఆనాడు అనుకొన్న మాటలను ఒక్కొక్కటిగా వ్రాసుకోవాలి. తరువాత చేరిన కోరికలను వేరుగా వ్రాసి, ఇరుపక్షాల సమ్మతితో తొలగించాలి. ఆ కాగితం తేలికైన కొలది అమ్మాయి అడుగు తేలికవుతుంది.

శుభం భూయాత్.